ఉన్నచోటే

ఫిబ్రవరి 4

వాగుడుకాయకు,

మీ మావయ్య రాస్తున్నాడు. మీ అత్తయ్య పక్కనే కూర్చుని "ముందు ఆరోగ్యం సంగతి రాయండి" అంటోంది. ఇద్దరం బాగానే ఉన్నాం. ఆవిడ మోకాలు ఎప్పట్లాగే వాన కబురు ముందే చెబుతోంది. నా దగ్గు ఎప్పట్లాగే ఇరుగుపొరుగుని లేపుతోంది. అయిపోయింది ఆరోగ్యం.

ఇక అసలు సంగతి. నవ్వకూడదు సుమా. బోర్డులు నడుస్తున్నాయే అమ్మడూ.

నిరుడు యుద్ధం ఆగాక మీ దేశాల మండలివాళ్ళు వచ్చి, మన మీద పడ్డ పెద్ద దేశానికీ మనకీ మధ్య గీత గీసి, దాని పొడుగునా నలభై ఆరు బోర్డులు పాతించారు కదా. నలభై ఆరూ నేనే రాశాను. తెల్ల పలక మీద నీలం అక్షరాలు: "శాంతి రేఖ. ఆయుధాలతో దాటరాదు." ముప్ఫై తొమ్మిదేళ్ళుగా బోర్డులు రాస్తున్నాను గానీ అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు. సబ్బు కంపెనీ బోర్డులో అక్షరం కాస్త వంకరపోయినా సబ్బు అమ్ముడుపోతుంది. శాంతి సంగతి అలా కాదనిపించింది. సుద్ద పూసిన దారం లాగి కొట్టి, ఆ గీత మీద ఊపిరి బిగబట్టి రాశాను.

పదిహేడో నంబరు బోర్డుని మన వీధి దాటాక, పొలాలకి అవతల, ఇటుకల బట్టీ దగ్గర పాతారు. ఇంటినుంచి నా నడకలో పన్నెండు వందల అడుగులు. డాక్టరు నడవమన్నాడని రోజూ పొద్దున అక్కడిదాకా వెళ్ళి, నా అక్షరాలు నేనే చూసుకుని మురిసి తిరిగొస్తాను. డిసెంబరులో ఒకరోజు మంచులో నడుస్తుంటే బోర్డు తొందరగా ఎదురొచ్చింది. తొమ్మిది వందల అడుగులకే. వయసు మీదపడి లెక్క తప్పాననుకున్నాను. జనవరిలో ఏడు వందలకే వచ్చింది. ఇవాళ ఐదు వందల నలభై. బట్టీ పొగగొట్టం బోర్డుకి అవతల ఎక్కడో, నిద్రమత్తులో చూసినట్టు మసకగా నిలబడి ఉంది.

అది వేరే బోర్డేమో అంటావు. కాదే. "రేఖ"లో ఖ పొట్టలో నా కుంచె వెంట్రుక ఒకటి రంగులో ఇరుక్కుని ఎండిపోయింది. తీద్దాం తీద్దాం అనుకుంటూ వదిలేశాను. అదే వెంట్రుక, అదే బోర్డు.

"బోర్డులు నడవడమేంటండీ, అవతలి సైనికులు తెల్లారకుండా పీక్కొచ్చి ముందుకి పాతుతున్నారు" అన్నాడు మంగలి షాపాయన. ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ ఎవరూ చూడలేదుగా! లేచేసరికి మంచు, మంచులో బోర్డు, నిన్నటికంటే కాస్త దగ్గరగా. మండలి పంపిన పరిశీలకుడు ఒకాయన ఉన్నాడిక్కడ. తుపాకీ లేదు, ఎండైనా వానైనా చేతిలో గొడుగు మాత్రం ఉంటుంది. గొడుగాయన అంటాం. ఆయన వచ్చి, చూసి, పుస్తకంలో రాసుకుని, పాపం చాలాసేపు తల ఊపి వెళ్ళాడు.

నువ్వు పనిచేసేది ఆ మండలిలోనే కదా, కాస్త ఎవరి చెవినైనా వెయ్యి. వీధిలో మనదే చివరిల్లు. బోర్డు నడిచి నడిచి మొదట తొక్కేది మన గుమ్మాన్నే. నా రంగుల షెడ్డు, మీ అమ్మ పోయాక నువ్వు పెరిగిన గది, మీ అత్తయ్య వంటిల్లు, అన్నీ ఇవాళ్టికి గీతకి ఇవతలే ఉన్నాయి. ఎన్నాళ్ళుంటాయో తెలీదు. కర్ర ఉన్నవాడిదే బర్రె అంటాడు మంగలాయన. మరలాంటప్పుడు మీ మండలి ఎందుకే?

మీ మావయ్య


ఫిబ్రవరి 13

మావయ్యా,

నవ్వొద్దన్నావని నవ్వలేదు. కానీ తెల్లారుతుండగా కలొచ్చింది. నలభై ఆరు బోర్డులూ చెప్పుల్లేకుండా, పొలాల్లోంచి, గట్లు దాటుకుంటూ నెమ్మదిగా వస్తున్నాయి. నువ్వు గుమ్మంలో నిలబడి "కాళ్ళు కడుక్కుని రండి" అంటున్నావు. లేచేసరికి గదంతా ఆవిరి. నా గది కింద బట్టలుతికే దుకాణం ఉందని చెప్పాను కదా, పొద్దున్నే వేడినీళ్ళ ఆవిరి చెక్కల సందుల్లోంచి పైకొస్తుంది. ఇక్కడ నేను సగం రోజులు మబ్బులో నిద్ర లేస్తాను.

నా పని జాగా కూడా అలాంటిదే. మండలి హాల్లో పైన గోడలో అమర్చిన చిన్న అద్దాల గది. కింద దేశాల ప్రతినిధులు పెదవులు కదుపుతుంటారు, చప్పుడు వినిపించదు. చెవులకి తగిలించుకున్న దాంట్లోంచి వాళ్ళ మాట లోపలికొస్తుంది, నా నోట్లోంచి వేరే భాషలో బయటికి పోతుంది. అరగంటకోసారి నేనూ నా జతగత్తె చోటు మారతాం. అంతకు మించితే ఎవరి బుర్రా నిలబడదు.

మండలి ఎందుకని అడిగావు. దానికి సైన్యం లేదు మావయ్యా, మాటలే ఉన్నాయి. ఆ మాటలకి మెట్లున్నాయి. "గమనించింది" అంటే చూసి ఊరుకుందని. "ఆందోళన చెందుతోంది" అంటే రెండుసార్లు చూసిందని. "తీవ్ర ఆందోళన" అంటే భోజనాలకి లేవకముందే మాట్లాడుకున్నారని. "ఖండిస్తోంది" అంటే ఎవరో ఒకరు అలిగి హాల్లోంచి లేచిపోతారు. అన్నిటికన్నా పైమెట్టు "ఆదేశిస్తోంది". నాలుగేళ్ళలో ఆ మాట నేను రెండేసార్లు పలికాను. రెండుసార్లూ చిన్న దేశాల మీదే. మన బోర్డులు ప్రస్తుతం "గమనించింది" దగ్గరున్నాయి. గొడుగాయన రిపోర్టు వచ్చింది. నేను మాత్రం ఎవరి చెవినా వెయ్యకూడదు. ఈ ఉద్యోగంలో నాకు అభిప్రాయం ఉండకూడదు.

అయినా ఒక అనుమానం పీకుతోంది. అంత సైన్యం పెట్టుకుని వాళ్ళు బోర్డుని విరిచి పొయ్యిలో పెట్టుకోవచ్చుగా? ఎందుకంత ఓపిగ్గా పీకి, మోసుకొచ్చి, నిటారుగా పాతడం? అంటే ఆ బోర్డు వాళ్ళకీ కావాలి. దానికి అటువైపు ఉన్నంతసేపు తప్పు చెయ్యలేదనిపించుకోవాలి. మా మండలి బలం ఏమైనా ఉంటే ఆ కాస్తలోనే ఉందనుకుంటాను. అది నిజమో, ఆవిరిలో వచ్చిన ఆలోచనో మరి.

అత్తయ్య మోకాలికి వేడి కాపడం పెట్టమను.

నీ వాగుడుకాయ


మార్చి 2

మండలి గొప్పావిడ గారికి,

నమస్కారం. మొన్నటిదాకా నాకొక మేనకోడలు ఉండేది. ఇప్పుడు రేడియోలో మాట్లాడే మనిషి ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం మంగలి షాపులో కూర్చున్నాను, మొహం నిండా నురగ. రేడియోలో మీ మండలి చర్చ వస్తోంది. పెద్ద దేశం ప్రతినిధి లేచాడన్నారు. ఆయన గొణుగుడు కాసేపు, దాని మీద ఒక ఆడగొంతు, మన భాషలో, ఖంగున: "మేము ఒక్క బోర్డునూ కదపలేదు. ఆ వీధివాళ్ళు కట్టుకథలు అల్లుతున్నారు. మా ఓర్పుకూ హద్దుంటుంది." మంగలాయన కత్తి గాల్లో ఆగిపోయింది. "ఇది మీ అమ్మడి గొంతు కదండీ?" అన్నాడు. సగం గడ్డంతో లేచొచ్చేశాను.

కట్టుకథలా? వీధివాళ్ళు అల్లుతున్నారా? "మేము" అంటే ఎవరే? నువ్వెప్పుడు వాళ్ళైపోయావు? టైర్ల షాపువాడు "మీ ఇంటి పిల్లే ఒప్పేసుకుందిగా సార్, ఇంక గొడవేముంది" అని పళ్ళికిలించాడు. బేకరీ ఆవిడ మీ అత్తయ్యతో మాటలు మానేసింది. మీ అత్తయ్య రేడియో మీద దుప్పటి కప్పి "ఇంక దాన్ని ముట్టుకుంటే చూడండి" అంది.

నువ్వు చేసేది అనువాదమని నాకు తెలీదా? తెలుసు. ముందు "వాళ్ళిలా అంటున్నారు" అని ఒక్క ముక్క తగిలిస్తే నీ సొమ్మేం పోయింది? నేను సబ్బు బోర్డు రాస్తాను. సబ్బు నాదని ఎవరూ అనుకోరు. ఎందుకని? "నా సబ్బు" అని నేను రాయను గనక!

బోర్డు లారీల కాటా దగ్గరికొచ్చింది. మన గుమ్మానికి రెండు వందల పది అడుగులు. ఇది కూడా కట్టుకథే అనుకో.

మావయ్య


మార్చి 9

మావయ్యా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. దాచడమెందుకు.

మా పనిలో "వాళ్ళంటున్నారు" అనకూడదు. ఎవరు మాట్లాడితే ఆ అరగంటా నేను వాళ్ళనే. పొద్దున మంత్రిని, పదకొండింటికి కొడుకుని పోగొట్టుకున్న తల్లిని, మధ్యాహ్నం సేనాధిపతిని. అందరికీ "నేను" అనే అంటాను. సాయంత్రం గదికొస్తుంటే బట్టల దుకాణం ఆవిడ "ఎలా ఉన్నావు?" అంటుంది. ఆ ఉన్నది ఎవరో గుర్తు తెచ్చుకోవడానికి ఒక్క క్షణం పడుతుంది. అద్దం గది అలవాటైతే మనిషి మెల్లగా పొగలా తయారవుతుంది మావయ్యా.

ఆ శుక్రవారం ఆ మాటలు రాబోతున్నాయని కాగితం చూసి నా జతగత్తె "నేను కూర్చుంటాను, నువ్వు లే" అంది. నేనే లేవలేదు. ఎందుకో తెలుసా? "ఆ వీధివాళ్ళు" అంటే ఎవరో ఆమెకి తెలీదు. నాకు తెలుసు. తెలిసినవాళ్ళ నోట్లోంచి వస్తే ఆ అబద్ధానికి కాస్తయినా సిగ్గేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. ఖంగుమందన్నావు కదా, గొంతు వణక్కుండా ఉండడానికి గట్టిగా మాట్లాడాను.

26వ తేదీన ఓటింగు ఉంది. మన దేశం ప్రతినిధి తీర్మానం పెడుతున్నాడు. పదిహేను చేతులు లేవాలి. పద్నాలుగు లేచినా పెద్ద దేశం చెయ్యి ఒక్కటి అడ్డంగా ఊగితే అన్నీ దించుకోవలసిందే. అదీ రూలు. పిల్లి మెడలో గంట కట్టే పని, ఆ పిల్లి ఒప్పుకుంటేనే కట్టాలి. అయినా ఆశగానే ఉంది.

బోర్డు ఎక్కడుందో రాస్తూ ఉండు. నాకు కళ్ళకి కట్టినట్టు ఉండాలి.

నీ అమ్మడు (ఇంకా నీదే)


మార్చి 18

అమ్మడూ,

సరేలే. మంగలాయనకి నీ ఉత్తరం చదివి వినిపించాను. మిగతా సగం గడ్డం ఊరికే గీశాడు. నా నోటిదురుసు నీకు కొత్తా?

కళ్ళకి కట్టినట్టు రాయమన్నావు. రాస్తాను. ఇవాళ పొద్దున తలుపు తీస్తే ఎదురుగా మంచు తప్ప ఏమీ లేదు. బోర్డు లేదు. కాటా కనిపిస్తోంది, బోర్డు లేదు. వెనక్కి వెళ్ళిపోయిందే అనుకుని నా గుండె ఎంత తేలికపడిందో! ఇంతలో మీ అత్తయ్య వంటింటి కిటికీలోంచి "ఏవండీ, మీ బోర్డు ఇటొచ్చింది" అని పిలిచింది.

మన గోడకీ టైర్ల షాపుకీ మధ్య సందులో నిలబడి ఉంది. మనల్ని దాటేసింది. మేం నిద్రపోతుండగా మా మంచం, మా పొయ్యి, నా రంగుడబ్బాలు అన్నీ అవతలి దేశం అయిపోయాయి. ఇల్లు కదల్లేదు, మేమూ కదల్లేదు. వాళ్ళ అధికారి ఒకాయన వచ్చాడు. పెద్ద మీసాలు, నా ఈడువాడే. మర్యాదగా సలాం కొట్టి, ఆయుధాలు లేకుండా అటూ ఇటూ తిరగొచ్చని సైగ చేశాడు. మీ అత్తయ్య పాలకని దేశం దాటి వెళ్ళొచ్చింది. ఎలా ఉందంటే "మోకాలు నొప్పి" అంది.

దీని తరవాత టైర్ల షాపు, ఆ పైన మంగలి షాపు, బేకరీ, చివర బడి. వీధి మొత్తం నా మొహం చూస్తోంది, నేనేదో చేస్తానని. నాకు భయంగా ఉందే. ఈ మాట మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు.

మావయ్య


మార్చి 27

అమ్మడూ! బంగారూ!

గెలిచాం! మీ అత్తయ్యే రేడియో మీద దుప్పటి తీసింది. మంగలి షాపు దగ్గర వీధంతా చేరాం. మన ప్రతినిధి ఆఖర్న అన్నాడు చూడు, "బోర్డులు ఉన్నచోటే ఉండాలి, మా కోరిక ఇదొక్కటే" అని, ఆ ముక్కకి బేకరీ ఆవిడ చప్పట్లు కొట్టింది. తరవాత పదిహేను చేతులూ లేచాయన్నారు. పెద్ద దేశం చెయ్యి కూడా! టైర్ల షాపువాడు నన్ను ఎత్తి తిప్పాడు, నడుం పట్టేసింది.

మండలిని నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. కర్ర లేకపోయినా బర్రె కదిలింది! ఇటుకల బట్టీ దగ్గర ఉన్న బోర్డు మళ్ళీ ఇటుకల బట్టీకి పోతుంది. షెడ్డు తుడిచాను. నీలం రంగు కొత్తగా కలిపాను, పాతేముందు అక్షరాలకి ఒక పూత వేద్దామని. ఆ వెంట్రుక కూడా ఈసారి తీసేస్తాను.

మీ మావయ్య, మహదానందంగా


మార్చి 28

మావయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. అత్తయ్యని కూడా పిలు.

మీరు సంతోషంగా ఉండుంటారని తెలుసు. అందుకే చెయ్యి ఆడడం లేదు. బోర్డులు వెనక్కి వెళ్ళవు. అది నావల్లే.

మన ప్రతినిధి "బోర్డులు ఉన్నచోటే ఉండాలి" అన్నాడు. ముందు రాసిచ్చిన కాగితంలో ఆ వాక్యం లేదు, ఆవేశంలో అప్పటికప్పుడు అన్నాడు. ఆయన మనసులో ఉన్నది మొదట పాతిన చోటు. కానీ "ఉన్న" అంటే ఏమిటి మావయ్యా? అప్పుడు ఉన్నదా, ఇప్పుడు ఉన్నదా? మన భాషలో ఆ మాట రెండింటికీ సరిపోతుంది. పుట్టి ఇన్నేళ్ళకి మొన్ననే గమనించాను. పెద్ద దేశం భాషలో అలా కుదరదు. వాళ్ళకి అది ఒక మాట, ఇది వేరే మాట. ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. నాకున్నది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో నా కళ్ళముందు ఇటుకల బట్టీ లేదు. నీ ఉత్తరం ఉంది. మంచు, వంటింటి కిటికీ, సందులో నిలబడ్డ బోర్డు. నోరు తెరిచి "ఇప్పుడున్న చోట" అనేశాను.

పెద్ద దేశం ప్రతినిధి అప్పటికే అడ్డంగా ఊపడానికి చెయ్యి ఎత్తబోతున్నాడు. నా మాట చెవిలో పడగానే ఆగాడు. కళ్ళజోడు తీసి పక్కవాడితో ఏదో అన్నాడు. తరవాత అదే చెయ్యి ఒప్పుకోలుగా లేచింది. ఆ మాటతోనే తీర్మానం రాసేశారు. మనవాళ్ళు హాల్లో కావలించుకుంటుంటే నేను పైన అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. మన ప్రతినిధికి వరండాలో తెలిసింది. గోడకి ఆనుకుని నిలబడిపోయాడట.

మా అనువాద విభాగం పెద్దావిడ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. నలభై ఏళ్ళ సర్వీసు ఆమెది. దిద్దుబాటు పుస్తకం ఉందంది. పద్నాలుగు రోజుల్లోపు, అంటే ఏప్రిల్ 9 మధ్యాహ్నంలోగా, "నా పొరపాటు, అసలు మాట ఇది" అని సంతకం పెడితే రికార్డు మారుతుంది. మారితే పెద్ద దేశం తన ఓటు వెనక్కి తీసుకుంటుంది, తీర్మానం కూలిపోతుంది. కాగితం మీద గీత ఎప్పటిలా బట్టీ దగ్గరే ఉంటుంది, మన ఇల్లు కాగితం మీద మనదే. బోర్డు మాత్రం మళ్ళీ నడుస్తుంది. టైర్ల షాపు, మంగలి షాపు, బడి. సంతకం పెట్టకపోతే బోర్డు ఆగుతుంది. మన ఇంటికి ఇవతల. మీ ఇద్దరినీ అవతల వదిలేసి.

మన ప్రతినిధికి కూడా చెప్పాను. "రాజధానికి రాశాను. దిద్దమని ఎవరూ అనరు, వద్దని కూడా అనరు. నీ సంతకం నీదే" అన్నాడు. నాకు తేల్చుకునే ధైర్యం లేదు. ఆ ఇల్లు నీది. నువ్వు ఏది రాస్తే అది చేస్తాను. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ 9లోగా అందేలా రాయి.

అమ్మడు


ఏప్రిల్ 3

అమ్మడూ,

ఉత్తరం నిన్న వచ్చింది. పోస్టుమాను గీత దాటి రానని మంగలి షాపులో ఇచ్చి పోయాడు. నిలబడే చదివాను. కూర్చోమన్న ముక్క చదివేసరికే ఆలస్యమైంది.

కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఒక్క మాట! ఇన్నేళ్ళు చదివి, ఇన్ని భాషలు నేర్చి, మావయ్య ఇంటి దగ్గరికొచ్చేసరికే నాలుక జారాలా! షెడ్డులోకి వెళ్ళి, ఆ కలిపిన నీలం రంగంతా నేలమీద పారబోశాను. ఇప్పుడు చెప్పులకి అంటుకుని ఇల్లంతా నీలం అడుగులు. మీ అత్తయ్య తుడుస్తూ తిడుతోంది, నిన్ను కాదు, నన్ను.

నువ్వు రాసింది నిజమే. సోమవారమే గొడుగాయన టేపు పట్టుకుని వచ్చాడు. మేం బోర్డు తీస్తాడనుకుని చుట్టూ చేరితే, చుట్టూ గుంట తవ్వించి సిమెంటు పోయించాడు. "ఇక్కడ కాదండీ" అని టైర్ల షాపువాడు అరుస్తుంటే ఆయన కాగితం చూపించి తల దించుకున్నాడు. మీసాలాయన పక్కన నిలబడి సంతకం పెట్టాడు. అన్నిటికన్నా వింతేమిటంటే, ఆ రోజునుంచి బోర్డు ఒక్క అంగుళం కదల్లేదు. నాలుగు నెలల్లో మొదటిసారి. అటు చూస్తే అంత సైన్యం, ఇటు చూస్తే ఒక గొడుగు. ఆగింది. తప్పుచోట ఆగింది, కానీ ఆగింది. దీన్ని ఏమనాలో నాకు తెలీడం లేదు. మీ మండలిని గొప్పదననా, దద్దమ్మ అననా?

రాత్రి అన్నాల దగ్గర మీ అత్తయ్యని అడిగాను. ఆవిడ కంచంలోంచి తలెత్తకుండానే "గుడ్డికన్నా మెల్ల నయం. దిద్దొద్దని రాయండి" అంది. మన ఇల్లు పోతుందే అన్నాను. "బడిలో నూట ఎనభై మంది పిల్లలున్నారు. మనింట్లో మీరొక్కరే" అంది. నవ్వాను.

దిద్దకు. ఇది నేను మనస్ఫూర్తిగా రాస్తున్నానని అనుకోకు. సగం మనసుతోనే రాస్తున్నాను, మిగతా సగం ఇంకా బట్టీ దగ్గరే ఉంది. అయినా దిద్దకు.

నెలాఖరులోగా కావాలంటే సామాన్లతో గీత దాటి మన దేశంలోకి వెళ్ళిపోవచ్చట. మీ అత్తయ్య రానంది. "బోర్డు కదిలితే నేనెందుకు కదలాలి?" అంటోంది. ఆవిడ ఉంటే నేనూ ఉంటాను. బాధ దేనికంటే, ఇక ఇటువైపు నా అక్షరాలు ఎవరిక్కావాలి? వాళ్ళ లిపిలో నాకు ఒక్క గీత కూడా రాదు. అరవై రెండేళ్ళొచ్చాక, నా ఇంట్లో కూర్చుని, నిరక్షరాస్యుణ్ణయ్యానే.

ఒక పని పడింది. వంటింటి కిటికీలోంచి చూస్తే మాకు కనిపించేది బోర్డు వెనకవైపు. వట్టి చెక్క. ఇన్నాళ్ళూ వెనకవైపు ఒకటి ఉంటుందనే నేను అనుకోలేదు, అటు నిలబడి చూసిందెప్పుడు? తీర్మానం ప్రకారం రెండువైపులా రాసి ఉండాలట. ఇటువైపు వాళ్ళ భాషలో, బోర్డు స్థలం తెలిసేలా ఒక్క వాక్యం. మీసాలాయన గొడుగాయన చేత అడిగించాడు, స్థలం పేరుంటే చాలు, ఏదో ఒకటి రాయమని. నేనే రాస్తానన్నాను. వాక్యం నువ్వు పంపు. అక్షరం ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిప్పాలో అంకెలేసి పంపు. నీకు నేను పలక మీద దిద్దించినట్టు.

ఈసారి రెండు సెకన్లు కాదు. ఆలోచించుకుని రాయి.

మావయ్య


ఏప్రిల్ 9

మావయ్యా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఇవాళ మధ్యాహ్నం దిద్దుబాటు పుస్తకం మూసేశారు. నేను దాని పక్కనే నిలబడి ఉన్నాను, కలం జేబులోనే ఉంది. పెద్దావిడ నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. నేను చేసింది మంచో చెడో నాకు తెలీదు. నీ ఇల్లు పోగొట్టాను. ఆ మాట మెత్తగా రాయడం నాకు చేతకాలేదు.

వాక్యం పంపుతున్నాను. ఇవాళ పొద్దున్నించీ అదే పని. ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో రాసి, తుడిచి, మళ్ళీ రాసి చూసుకున్నాను. స్థలం పేరు ఉండాలన్నారు, ఉంది. రూలు ఎక్కడా తప్పలేదు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మీసాలాయన చదువుకుంటాడు, ఆయన తరవాత వచ్చే ప్రతి సైనికుడూ రోజూ చదువుకుంటాడు. మన భాషలో దాని అర్థం ఇది:

"ఈ బోర్డు ఇటుకల బట్టీ దగ్గర ఉండేది."

వేరే కాగితం మీద ఒక్కో అక్షరాన్నీ అరచేతంత గీశాను. పెన్సిలుతో అంకెలు వేశాను, ఒకటి దగ్గర కుంచె ఆనించి వరసగా వెళ్ళు. వాళ్ళ రాత కుడినుంచి ఎడమకి నడుస్తుంది, మొదట్లో చెయ్యి మొరాయిస్తుంది. తొందరపడకు. అన్నిటికంటే చివరి అక్షరం చూసుకో. దాని కింద చిన్న తోక ఉంది, గోరంత. దుమ్ముపడిందేమో అనుకుని వదిలేస్తావు. వదలొద్దు మావయ్యా. ఆ తోక లేకపోతే అది "ఉంది" అయిపోతుంది.

నీ అమ్మడు